వెండి తొందర

ఒకే సీసాలోని సోడియం ఫాస్ఫేట్ స్ఫటికాలను రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని ఊరికే నీళ్ళలో కరిగించండి. రెండో భాగాన్ని మూసలో వేసి ఎర్రగా కాలేదాకా కాల్చి, చల్లార్చి, ఆ తర్వాత కరిగించండి. రెండు పరీక్షనాళికల్లోనూ తేట నీళ్ళే కనిపిస్తాయి. ఇప్పుడు రెండింటిలోనూ నాలుగేసి చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేస్తే, మొదటిదాంట్లో పసుపు కలిపినట్టుగా పసుపుపచ్చటి అవక్షేపం దిగుతుంది, రెండోదాంట్లో సున్నం కలిపినట్టు తెల్లటిది.

1827లో గ్లాస్గోలో థామస్ క్లార్క్ చూసింది ఇదే. ఆయన దగ్గర మంచి త్రాసు ఉంది, అంతకంటే మంచి ఓపిక ఉంది. స్ఫటికాన్ని కొద్దికొద్దిగా వేడిచేస్తూ పోతే అందులోని నీరు దాదాపు అంతా సులువుగానే పోతోంది. లెక్కకట్టి చూస్తే ఇరవై అయిదు పాళ్ళ నీటిలో ఇరవై నాలుగు పాళ్ళు మామూలు వేడికే పోతున్నాయి. చివరి పాలు మాత్రం మొండికేస్తోంది. అది పోవాలంటే మూస ఎర్రబడాలి. ఆ మొండి పాలు పోయిందో లేదో వెండి చెబుతుంది: పోకపోతే పసుపు, పోతే తెలుపు. నిప్పులోంచి వచ్చింది కాబట్టి కొత్త లవణానికి పైరోఫాస్ఫేట్ అని పేరు పెట్టాడు.

ఒక్క పాలు నీటికి ఇంత తేడా ఎందుకు వస్తుందో చెప్పింది ఆ ఊరివాడే అయిన థామస్ గ్రాహం. 1833లో వచ్చిన ఆయన వ్యాసం ఫాస్ఫేట్ల రసాయనానికి పునాదిరాయి. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఆయన పట్టించుకున్న ఒక చిన్న విషయం. సోడియం ఫాస్ఫేట్ ద్రావణం ఎర్ర లిట్మస్‌ను కొంచెం నీలం చేస్తుంది. సిల్వర్ నైట్రేట్ తటస్థం. ఈ రెండూ కలిస్తే పసుపు అవక్షేపం దిగాక పైన తేలిన నీళ్ళు లిట్మస్‌ను ఎర్రబరుస్తాయి. ఆమ్లం ఎక్కడినుంచి వచ్చింది? క్లార్క్ లవణంతో చేస్తే మాత్రం నీళ్ళు తటస్థంగానే ఉంటాయి.

గ్రాహం జవాబు ఈనాటి భాషలో చెప్పుకుంటే సులువే. మామూలు ఫాస్ఫేట్‌లో మూడు స్థానాలున్నాయి. రెండింటిలో సోడియం కూర్చుంటే మూడోదాంట్లో హైడ్రోజన్ ఉంది. వెండి అయాన్లు వచ్చి మూడు స్థానాలూ ఆక్రమించుకోగానే ఆ హైడ్రోజన్ బయటపడి నైట్రిక్ ఆమ్లం అవుతుంది. కాల్చినప్పుడు రెండు ఫాస్ఫేట్లు తమ హైడ్రోజన్లను నీరుగా వదులుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. క్లార్క్‌ను విసిగించిన ఇరవై అయిదో పాలు నీరు అదే. జంటగా మారిన ఆ ఫాస్ఫేట్‌లో నాలుగు స్థానాలు, నాలుగింటా సోడియమే, కాబట్టి ఆమ్లం పుట్టదు. రెండు హైడ్రోజన్లున్న ఫాస్ఫేట్‌నుంచి ఇంకా నీరు తీసేస్తే వచ్చే మెటాఫాస్ఫేట్ కూడా వెండితో తెల్లటి అవక్షేపమే ఇస్తుంది. పైరోనూ మెటానూ విడదీయడానికి కోడిగుడ్డు తెల్లసొన కావాలి: మెటాఫాస్ఫారిక్ ఆమ్లం పడితే సొన పెరుగులా విరుగుతుంది, పైరోకి విరగదు. ఒక ఆమ్లంలో ఒకటికంటే ఎక్కువ హైడ్రోజన్లు విడివిడిగా పనిచేయగలవన్న సంగతి రసాయన శాస్త్రంలో స్థిరపడింది ఇక్కడినుంచే. లీబిగ్ 1838లో దాన్ని సేంద్రియ ఆమ్లాలకు విస్తరించాడు.

మా కాలేజీ ల్యాబులో ఈ కథ ఎవరూ చెప్పలేదు. సాల్ట్ అనాలిసిస్‌లో ఫాస్ఫేట్ అంటే అమ్మోనియం మాలిబ్డేట్, పసుపు అవక్షేపం, రికార్డులో ఒక వాక్యం, అంతే. సిల్వర్ నైట్రేట్ ఖరీదైనది కనుక లెక్కపెట్టి ఇచ్చేవారు. పొరపాటున వేలిమీద ఒక చుక్క పడితే సాయంత్రానికి నల్లమచ్చ తేలి, చర్మం పొర ఊడేదాకా వారం పది రోజులు అలాగే ఉండేది. ఓటు వేశాక గోరుమీద మిగిలే మచ్చా అదే బాపతు. ఆ సిరాలో ఉండేదీ సిల్వర్ నైట్రేటే.

వెండి, భాస్వరాల మధ్య జరిగే రసాయనమంతా ఆ మచ్చలోనే ఉందంటాను నేను. వెండి అయానుకు రెండు తొందరలు. ఒక ఎలక్ట్రాన్ దొరికితే చాలు, లోహంగా మారిపోవాలనుకుంటుంది. క్లోరైడో అయొడైడో కనబడితే దాన్ని పట్టుకుని కూర్చోవాలనుకుంటుంది. భాస్వరం అనేక రూపాల్లో దానికి ఎదురవుతుంది. ఆక్సిజన్‌తో నిండుగా ఉన్న ఫాస్ఫేట్ దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లు లేవు కాబట్టి రెండూ బుద్ధిగా లవణమై కూర్చుంటాయి. ఆక్సిజన్ అందని భాస్వరం దగ్గర ఎలక్ట్రాన్లు పుష్కలం. అక్కడ ఏం జరుగుతుందన్నది మూడో మనిషి మీద ఆధారపడి ఉంటుంది. ఆ మూడో మనిషి నీరు.

ఆ సంగతి మొదట పట్టుకున్నది ఒక స్త్రీ. ఎలిజబెత్ ఫుల్హామ్ బ్రిటన్‌లో 1780 ప్రాంతంలో ఒక విచిత్రమైన పని మొదలుపెట్టింది: పట్టుబట్ట మీద బంగారాన్నీ వెండినీ రసాయన పద్ధతిలో తేల్చి జరీలాంటి బట్ట తయారుచేయడం. పట్టుగుడ్డను లోహపు లవణ ద్రావణంలో ముంచి, దానిమీద హైడ్రోజన్ వాయువునో, ఈథర్‌లో కరిగించిన భాస్వరాన్నో ప్రయోగించేది. భాస్వరం తగిలితే వెండి లవణం లోహంగా విడిపోయేది. అయితే బట్ట ఎండి ఉంటే ఏమీ జరగడం లేదు, తడిగా ఉంటేనే జరుగుతోంది. ఆమె దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. ఎండబెట్టి, తడిపి, మళ్ళీ ఎండబెట్టి, ద్రావకాలు మార్చి మార్చి చూసింది. నీరు ఊరికే తడపడానికి లేదు, చర్యలో పాల్గొంటోంది, చివర్లో మళ్ళీ తయారై బయటికి వస్తోంది అని తేల్చింది. 1794లో లండన్‌లో అచ్చయిన ఆమె పుస్తకంలో ఫ్లోజిస్టన్‌వాదుల్నీ లవోజియే పక్షంవారినీ ఇద్దరినీ తప్పుపట్టింది. ఉత్ప్రేరకం అన్న మాట పుట్టడానికి నలభై ఏళ్ళ ముందు సంగతి ఇది. ఆమె వివరణలో ఈనాడు నిలవనివి ఉన్నాయి. కానీ, ఈనాటి మాటల్లో చెప్పుకుంటే, భాస్వరం ఎలక్ట్రాన్లు వదులుకుని ఫాస్ఫారిక్ ఆమ్లం కావాలంటే ఆక్సిజన్ ఎక్కడినుంచో రావాలి, అది నీటినుంచి వస్తుంది అన్న గ్రహింపు మాత్రం అచ్చంగా నిలిచింది. పట్టుబట్టల వ్యాపారం సాగిందో లేదో గాని, వెండి–భాస్వరం రసాయనానికి తాళంచెవి ఆమె చేతిలో ఉంది.

భాస్వరానికి హైడ్రోజన్ తోడైతే వచ్చే ఫాస్ఫీన్ వాయువు దగ్గర వెండి తొందర మరీ ఎక్కువ. ధాన్యం గోదాముల్లో బస్తాల నెట్లమీద పెద్ద ప్లాస్టిక్ పరదాలు కప్పి, అంచుల మీద ఇసుక గొట్టాలు పేర్చి, లోపల బిళ్ళలు పెట్టడం మన జిల్లాల్లో చాలామంది చూసే ఉంటారు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ విడుదలై బియ్యపు పురుగును చంపుతుంది. మనిషినీ చంపుతుంది. ఈ విషం ఒంట్లోకి వెళ్ళిందన్న అనుమానంతో రోగిని తెస్తే, ఆసుపత్రిలో చేసే చౌక పరీక్ష వడపోత కాగితాన్ని సిల్వర్ నైట్రేట్‌లో ముంచి చేసేదే. కడుపులోంచి తీసిన ద్రవాన్ని ఫ్లాస్కులో పోసి కాస్త వేడిచేసి, మూతి దగ్గర ఆ కాగితాన్ని ఉంచుతారు. ఫాస్ఫీన్ ఉంటే కాగితం నల్లబడుతుంది.

ఆ నలుపు వెండి లోహం. ఒక్క ఫాస్ఫీన్ అణువు ఎనిమిది వెండి అయాన్లను లోహంగా మార్చగలదు. భాస్వరం మైనస్ మూడు నుంచి ప్లస్ అయిదు దాకా ఎక్కుతుంది, మెట్టుకో ఎలక్ట్రాన్ చొప్పున ఎనిమిది. నీరు చాలినంత లేనప్పుడు, సిల్వర్ నైట్రేట్ చిక్కగా ఉన్నప్పుడు నలుపుకు ముందు పసుపు రంగు కనిపిస్తుంది. అది వెండి ఫాస్ఫైడ్, సిల్వర్ నైట్రేట్ కలిసిన జంట పదార్థం. నీళ్ళు పోస్తే నల్లబడుతుంది. ఇక్కడా ఫుల్హామ్ నీరే. ఆర్సెనిక్‌నుంచి వచ్చే ఆర్సీన్ వాయువు కూడా ఇదే వరసలో మొదట పసుపు, తర్వాత నలుపు ఇస్తుంది. కాబట్టి 1879లో గుట్‌జైట్ ఇదే కాగితంతో ఆర్సెనిక్‌కు పరీక్ష కనిపెట్టినప్పటినుంచీ విషపరీక్షకులకు ఫాస్ఫీన్ ఒక తలనొప్పే. ఇంకో తలనొప్పి కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్. వెండికి గంధకమంటే ఎంత ఇష్టమో వెండి కంచాలున్న ఇళ్ళవాళ్ళకు చెప్పక్కర్లేదు. అది కూడా కాగితాన్ని నల్లబరుస్తుంది. అందుకని పక్కన లెడ్ అసిటేట్ కాగితం కూడా పెడతారు. రెండూ నల్లబడితే గంధకం, వెండిది ఒక్కటే నల్లబడితే ఫాస్ఫీన్. కాగితం ముక్కతో అయ్యే పరీక్షలో ఇంతకంటే నమ్మకం ఆశించకూడదు.

ఇక రెండో తొందర, అయొడైడ్ కోసం పడేది. దీన్ని వాడుకుని మనుషులు చేసిన పనులు చరిత్ర మలుపులే. ఫాస్ఫేట్‌కు సేంద్రియ భాగాన్ని తగిలించాలంటే దాన్ని వెండి లవణంగా మార్చి, దానిమీద ఈథైల్ అయొడైడ్ పోయాలి. వెండి అయొడైడ్‌ను లాక్కుని పసుపు ముద్దై అడుగున పడిపోతుంది, ఈథైల్ ఫాస్ఫేట్‌కు దక్కుతుంది. పెళ్ళిళ్ళ పేరయ్యలా ఇద్దర్నీ కలిపి తాను తప్పుకుంటుంది. 1854లో పారిస్‌లో వుర్ట్జ్ ప్రయోగశాలలో ఫిలిప్ ద క్లెర్మాన్ పైరోఫాస్ఫేట్ వెండి లవణంతో ఇలాగే చేసి టెట్రాఈథైల్ పైరోఫాస్ఫేట్ తయారుచేశాడు. ఆనాటి అలవాటు ప్రకారం నాలుకమీద వేసుకుని రుచి కూడా రాశాడు. నాడుల సంకేతాలను ఆపే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పడగొట్టే పదార్థం అది. పురుగుమందుగా తర్వాతెప్పుడో వాడారు. క్లెర్మాన్ బతికి బయటపడ్డాడు.

1932లో బెర్లిన్‌లో విల్లీ లాంగె, ఆయన విద్యార్థిని గెర్డా ఫాన్ క్రూగర్ అదే పద్ధతిలో ఫ్లోరిన్ కలిసిన ఫాస్ఫేట్ వెండి లవణాన్ని తీసుకుని ఆల్కైల్ అయొడైడ్లతో చర్య జరిపారు. ఆవిరి పీల్చినప్పుడు గొంతు బిగుసుకుపోవడం, ఊపిరి ఆడకపోవడం, చూపు మసకబారడం తమ వ్యాసంలో నమోదు చేశారు. నాలుగేళ్ళలో గెర్హార్డ్ ష్రాడర్ పురుగుమందుల కోసం వెతుకుతూ టాబూన్ అనే నాడీ విషవాయువు దగ్గరికి చేరాడు. తర్వాత కర్మాగారాలు వెండిని పక్కనపెట్టి చవకైన ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ వంటి దారులు పట్టాయి. వరంగల్ పత్తి చేలలో వాసన వేసిన మోనోక్రోటోఫాస్ ఆ కుటుంబంలోని బిడ్డే. దాని తయారీలో వెండి ప్రసక్తి లేదు, కానీ వంశవృక్షం మొదట్లో వెండి లవణం ఉంది.

అదే దారి ప్రాణం పోసే పదార్థం దగ్గరికీ వెళ్ళింది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో ఏటీపీని కండరంలోంచి వేరుచేశారు. జర్మనీలో లోమాన్ కూడా అదే సంవత్సరం దాన్ని పట్టుకున్నాడు. దాన్ని ప్రయోగశాలలో మొదటినుంచి కట్టడం 1949లో బాడిలీ, మైకెల్సన్, టాడ్ చేశారు. వాళ్ళు కూడా ఫాస్ఫేట్ మీద ఫాస్ఫేట్ ఎక్కించడానికి వెండి లవణాలనే ఆశ్రయించారు. ఇక్కడ వెండి లాక్కున్నది క్లోరైడ్‌ను. సుబ్బారావుగారి పేరు రసాయన ప్రయోగశాలల్లో ఎక్కువగా వినబడేది మాత్రం 1925 నాటి ఫాస్ఫేట్ కొలత పద్ధతి వల్ల. అందులో వెండి లేదు, మాలిబ్డినం నీలం ఉంది. రంగు చూసి పేరు చెప్పడం వెండి పని, ఎంత ఉందో కొలవడానికి మాత్రం మాలిబ్డినమే గట్టిది.

ఇక వెలుతురు. ఫాస్ఫేట్ దగ్గర ఎలక్ట్రాన్లు లేవన్నాను కానీ, వెలుతురు పడితే ఆ పసుపు గుండలో ఆక్సిజన్ వైపునుంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరి వెండి మీద పడుతుంది. ఆ పసుపు రంగుకు కారణమే అది: నీలం వెలుతురును మింగుతుంది కాబట్టి పసుపుగా కనిపిస్తుంది. 1839లో ఫోటోగ్రఫీ వార్తలు ప్రపంచమంతా పాకిన కొద్ది నెలల్లోనే ఎడిన్‌బరోలో ఆండ్రూ ఫైఫ్ ఫాస్ఫేట్ పూసిన కాగితం మీద సిల్వర్ నైట్రేట్ పట్టించి బొమ్మలు తీశాడు. వెలుతురు తగిలినచోట నలుపు, తగలని పసుపును అమోనియాలో కరిగించేయవచ్చు. క్లోరైడ్, బ్రోమైడ్ కాగితాలు ముందుకెళ్ళాయి, ఫాస్ఫేట్ కాగితం వెనకబడింది. దానిమీద ఎక్కువ చెప్పుకోవలసింది లేదు.

అదే నలుపు 1901లో హంగేరీ వైద్యుడు యూలియస్ ఫాన్ కోసా చేతిలో కణజాలంలోని సున్నాన్ని చూపే రంగైంది. పలుచగా కోసిన ముక్క మీద సిల్వర్ నైట్రేట్ పోసి వెలుతురులో ఉంచితే కాల్షియం ఫాస్ఫేట్ పేరుకున్నచోటల్లా వెండి ఫాస్ఫేట్‌గా మారి నల్లబడుతుంది. ఎముకల మీద పనిచేసేవారు నేటికీ వాడుతున్నారు. పేరుకు కాల్షియం పరీక్ష. నిజానికి వెండి కాల్షియం జోలికి పోదు, ఫాస్ఫేట్‌నో కార్బొనేట్‌నో పట్టుకుంటుంది. పెట్రీడిష్‌లో కణాలు నల్లబడ్డాయని ఎముక పుట్టినట్టు ప్రకటించిన వ్యాసాలు ఎన్ని ఉన్నాయో. ఈ ఒక్క పరీక్షతో ఎముకను నిర్ధారించకూడదని ఆ రంగంవారే హెచ్చరించవలసి వచ్చింది.

వెండి తొందరను తెలివిగా వాడుకున్నది ఫాస్ఫేట్ గాజు. 1950ల మొదట్లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో షుల్మన్ బృందం ఫాస్ఫేట్ గాజులో కొద్దిగా వెండి కలిపి రేడియేషన్ కొలిచే బిళ్ళ చేసింది. ఎక్స్‌రే గానీ గామా గానీ తగిలితే గాజులో ఎలక్ట్రాన్లు విడిపోతాయి. కొన్ని వెండి అయాన్లు ఎలక్ట్రాన్‌ను అందుకుని వెండి పరమాణువులవుతాయి, కొన్ని ఉన్నదాన్ని పోగొట్టుకుని రెండు ఆవేశాలు మోస్తాయి. గాజు గట్టిగా పట్టి ఉంచుతుంది కనుక ఎక్కడివి అక్కడే ఉండిపోతాయి, ఒకచోట చేరి నల్లమచ్చ కాలేవు. అతినీలలోహిత కాంతి వేస్తే నారింజ రంగులో వెలుగుతాయి. ఎంత వెలిగితే అంత మోతాదు తగిలినట్టు. ఎన్నిసార్లు చదివినా చెరిగిపోదు. చెరపాలనుకుంటే 400 డిగ్రీల దగ్గర కాల్చాలి, పలక తుడిచినట్టు కొత్తదైపోతుంది. జపాన్‌లో రేడియేషన్ మధ్య పనిచేసేవారి బ్యాడ్జీల్లో ఇవి ఇప్పటికీ ఉన్నాయి. ఇలాంటి గాజులోనే వెండి అయొడైడ్ బాగా దట్టిస్తే అయాన్లు గది వేడికే పరుగులు తీస్తాయని 1970ల చివర్లో మినామి చూపించాడు. ఘన బ్యాటరీల వారికి అది వేరే కథ.

వెలుతురు కథలో అసలు సందడి 2010లో. జపాన్‌లోని త్సుకుబాలో జిన్హువా యే బృందం వెండి ఫాస్ఫేట్ గుండను నీళ్ళలో కలిపి, కంటికి కనిపించే వెలుతురు వేసి ఆక్సిజన్ రాబట్టింది. 420 నానోమీటర్లకు పైన కాంతితో వచ్చిన క్వాంటం సామర్థ్యం 90 శాతం దాకా ఉందని ప్రకటించింది. అంటే పడిన కాంతికణాల్లో పదింట తొమ్మిది పనిచేశాయన్నమాట. అంతవరకూ ఏ పదార్థమూ ఆ దరిదాపులకు రాలేదు. మరుసటి ఏడాదే స్ఫటికం ముఖాలు పన్నెండు పలకలుగా ఉంటే ఘనాకారం కంటే బాగా పనిచేస్తుందనీ చూపించారు. తర్వాత వచ్చిన వ్యాసాల వరదకు అంతు లేదు. గ్రాఫీన్‌తో కలిపినవి, టైటానియంతో కలిపినవి, మిథిలీన్ బ్లూ రంగు విరగ్గొట్టినవి, రోడమీన్ విరగ్గొట్టినవి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆ మొదటి ప్రయోగం గొప్పది, దాని వెనక వచ్చిన వరదలో ఎక్కువ భాగం నీళ్ళే. ఎందుకంటే, మొదటి ప్రయోగంలోనే ఫ్లాస్కులో సిల్వర్ నైట్రేట్ కూడా ఉంది. వెలుతురుకు విడుదలైన ఎలక్ట్రాన్లను తీసుకుని లోహమవడానికి ఎవరో ఒకరు ఉండాలి, ఆ బలి ఇచ్చుకున్నది ఆ నైట్రేట్‌లోని వెండి. దాన్ని తీసేస్తే గుండలోని వెండే ఆ పని చేస్తుంది, పదార్థం తనను తాను తినేసుకుని నల్లబడుతుంది. ఎలక్ట్రాన్లకు హైడ్రోజన్ పుట్టించేంత బలం ఈ పదార్థంలో లేదు కాబట్టి నీటినుంచి ఇంధనం తీయడం దీనొక్కదానివల్ల అయ్యే పని కాదు. ఇక మురుగునీళ్ళు శుభ్రం చేయడం సంగతి. వంద గ్రాముల వెండి ఫాస్ఫేట్‌లో 77 గ్రాములు వెండే. దాన్ని మన బోరు నీళ్ళలో వేసి చూడండి, అందులోని క్లోరైడ్ కాస్తా పసుపును తెల్లటి వెండి క్లోరైడ్‌గా మార్చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన రంగు విరిగిందని రాసే వ్యాసానికీ నల్గొండ బావి నీటికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని కొలిచి రాసిన వ్యాసాలే నేను నమ్మకంగా చదువుతాను. పైన పూత పూసి, పక్కన ఎలక్ట్రాన్లు అందుకునే వేరే పదార్థాన్ని పెట్టి వెండిని కాపాడే ప్రయత్నాల్లో కొన్ని నిజంగా ఆలోచించి చేసినవి.

వెండి తొందరను అణిచే దారి మరొకటుంది. అక్కడ భాస్వరం ఎలక్ట్రాన్లను వదిలేయదు, ఒక జంటను వెండితో పంచుకుంటుంది. ఫాస్ఫీన్‌లోని మూడు హైడ్రోజన్ల బదులు మూడు బెంజీన్ వలయాలు పెడితే ట్రైఫినైల్‌ఫాస్ఫీన్. గాలికి భయపడని తెల్లటి స్ఫటికాలు. ఇది వెండికి దొరికితే నేరుగా బంధం కట్టేస్తుంది. పియర్సన్ 1963లో మెత్తని ఆమ్లాలు మెత్తని క్షారాలనే కోరతాయని సూత్రం చెప్పినప్పుడు వెండి, భాస్వరం రెండూ మెత్తని జాబితాలోనే ఉన్నాయి. ఆక్సిజన్ గట్టి జాబితాలో. ఈ జంటలు 1930ల్లోనే కేంబ్రిడ్జిలో మాన్ ప్రయోగశాలలో తయారయ్యాయి. వెండి అయొడైడ్‌కు ఒక ఫాస్ఫీన్ చేరితే నాలుగేసి కలిసి ఘనంలా పేరుకుంటాయి, ఒక్కోసారి కుర్చీ ఆకారంలో. టియో, కలాబ్రీస్ 1970ల్లో రెండు ఆకారాలనూ ఎక్స్‌రేలతో చూపించారు.

ద్రావణంలో వెండిమీద ఎన్ని ఫాస్ఫీన్లు ఉన్నాయో తెలుసుకోవడానికి ఎన్ఎంఆర్ అనే అయస్కాంత పద్ధతి అచ్చంగా వీటికోసమే చేసినట్టుంటుంది. భాస్వరానికి ప్రకృతిలో ఒకే ఐసోటోపు. వెండికి రెండు, 107, 109, దాదాపు సగం సగం. అన్నీ అయస్కాంత బొంగరాలే. కాబట్టి భాస్వరం గీత రెండు జంటలుగా చీలుతుంది. గది వేడిలో మాత్రం ఒక్క వెడల్పాటి ముద్ద కనిపిస్తుంది. ఫాస్ఫీన్లు వెండిమీద నిలవకుండా దిగుతూ ఎక్కుతూ ఉంటాయి. బాగా చల్లబరిస్తే ముద్ద విడిపోయి నాలుగు గీతలు తేలతాయి. 1972లో మ్యూటర్టీస్, అలెగ్రాంటి ఆ గీతల మధ్య ఎడాన్ని కొలిచారు. నాలుగు ఫాస్ఫీన్లుంటే ఎడం సుమారు 220 హెర్ట్జ్, ఒక్కొక్కటీ తగ్గేకొద్దీ పెరుగుతూ ఒక్కటే ఉంటే 700 దాటుతుంది. వెండి ఒక్కరికే ఇవ్వగలిగిన చెయ్యి నలుగురికి పంచితే పట్టు తగ్గినట్టు. ఈ జంటలు ఇవాళ ఉత్ప్రేరకాలుగా పనికొస్తున్నాయి. చేతివాటం ఉన్న ఫాస్ఫీన్‌తో వెండిని కట్టి, కుడి అణువో ఎడమ అణువో కావలసినదాన్నే తయారుచేయడం యమమోటో బృందం 1990ల్లో చూపించింది.

ఈ దారిలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది 2001 నాటిది. జర్మనీలో ఇంగో క్రాసింగ్ వెండి అయానుకు ఏకంగా తెల్ల భాస్వరాన్నే తగిలించాడు. నాలుగు పరమాణువుల ఆ బుల్లి పిరమిడ్లు రెండు, చెరో అంచుతో వెండిని రెండువైపులా పట్టుకున్నాయి. వెండి కూర్చోవడానికి ఇంకో చోటు దొరక్కుండా, చుట్టూ ముప్పై ఆరు ఫ్లోరిన్లున్న పెద్ద రుణ అయానును తోడిచ్చాడు. అది దేన్నీ పట్టుకోదు. నీరన్నది లేని ద్రావకంలో పనిచేశాడు. అదే వెండి, అదే భాస్వరం పట్టుబట్ట మీద కలిస్తే 1794లో వెండి లోహమై కూర్చుంది. ఇక్కడ నీరు లేదు కాబట్టి భాస్వరానికి ఆక్సిజన్ అందే దారి లేదు, వెండికి ఎలక్ట్రాన్ చిక్కే దారీ లేదు, రెండూ చేతులు పట్టుకుని మిగిలాయి. ఎండిన బట్ట మీద ఏమీ జరగడం లేదని ఫుల్హామ్ రాసినప్పుడు, ఆ ఏమీ జరగనిచోట ఏముండగలదో చూడటానికి 207 ఏళ్ళు పట్టింది.

ఇంత చెప్పాక, అయాన్లు లేనిచోట, అంటే రెండూ లోహపు ముద్దలో కలిసినచోట ఏమవుతుందో కూడా చూడాలి. దానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఏసీ మెకానిక్ చాలు. కిందటి వేసవిలో మా డాబామీద రాగి గొట్టం లీకైతే అతకడానికి హైదరాబాద్ కుర్రాడొకడు వచ్చాడు. కంసాలి వెండికి టంకం పెట్టేటప్పుడు వెలిగారం పూయనిదే ముందుకెళ్ళడు. ఇతను గొట్టాన్ని రుద్ది, మంటతో ఎర్రగా చేసి, బ్రౌన్ రంగు రాడ్ ఒకటి తాకించాడు, అంతే. రాడ్ నీరై అతుకు చుట్టూ తిరిగి లోపలికి పీల్చుకుపోయింది. "పౌడర్ వెయ్యవా?" అంటే, "దీనికి అక్కర్లేదు సార్, మందు రాడ్‌లోనే ఉంటది" అన్నాడు.

ఆ మందు భాస్వరం. అలాంటి మేలురకం రాడ్‌లో వందకు 80 పాళ్ళు రాగి, 15 వెండి, 5 భాస్వరం. కాలిన రాగిమీద పట్టిన ఆక్సైడ్ పొరను భాస్వరం లాక్కుని, రాగిని శుభ్రంగా వదిలిపెడుతుంది. వెండి ఇక్కడ తొందరపడదు, అది ముందే లోహం. మిశ్రమం తక్కువ వేడికి కరిగేలా, అతుకు పెళుసు కాకుండా చూడటమే దాని పని. ఈసారి తొందరంతా భాస్వరానిది, ఆక్సిజన్ కోసం.

పని అయ్యాక కంప్రెసర్ దగ్గర ఇంకో అతుకు ఉందని చూపించాను. అక్కడ ఒకవైపు గొట్టం ఇనుముది. అతను ఆ రాడ్ పక్కనపెట్టి, సంచిలోంచి వేరే రాడ్, ఫ్లక్స్ డబ్బా తీశాడు. ఇందాకటిదే వాడొచ్చుగా అన్నాను. ఇనుముతో భాస్వరం చేరితే పెళుసు ఫాస్ఫైడ్ పొర వస్తుందని నాకు తెలుసు, అతనికి తెలుసో లేదో చూద్దామని.

"పట్టినట్టే కొడ్తది సార్," అన్నాడు డబ్బా మూత తిప్పుతూ, "మళ్ళ పలుగుతది."